ఎడమచేతి దెబ్బ

“రేపటి సంది నేను రాను, పెద్దమ్మా.”

“రాకు బిడ్డా. వచ్చి ఏం జేస్తవ్? దెబ్బలు తినుడే గద.”

ఆ పిల్లకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవి. మా ఆయనకు కసరత్తు చేయించడానికి వారానికి రెండుసార్లు మా ఇంటికి వచ్చేది. ఆ రోజు గడపలో నిలబడి ఈ మాట చెప్పింది. అప్పటికే బురఖా తొడుక్కుని నఖాబు దించుకుంది కాబట్టి ముఖం కనబడలేదు. కానీ కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని ఉంది. మా ఇంట్లో ఆమెకు దెబ్బ పడిన చోటు అదే. చెప్పులు వేసుకునేటప్పుడు కూడా ఆ చెయ్యి వదల్లేదు. గోడ కూడా పట్టుకోకుండా, తూలుతూ, కాలితో వెతుక్కుంటూ చెప్పులు వేసుకుంది.

నాకు చదువు రాదు. రెండో తరగతిలో బడి మాన్పించారు. సంతకం గీస్తాను, అంతే. గొంతు కూడా సరిగ్గా లేదు. మా ఆయన పోయిన రోజు పోయిన గొంతు మళ్లీ రాలేదు, గీరుకున్నట్టు వస్తుంది. నేను చెబుతుంటే మా తమ్ముడి బిడ్డ రాస్తోంది. డిగ్రీ చదువుతోంది. నా మాటలు పుస్తకంలో ఉండే తీరుకు సర్ది రాస్తానంది. సరే అన్నాను. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మాట్లాడినట్టే పెట్టమన్నాను.

మా ఆయన జహీరాబాద్ మార్కెట్ గంజ్‌లో హమాలీ. అల్లం బస్తాలు, ఆలుగడ్డ బస్తాలు, కందుల కాలంలో కందులు. పెళ్లయిన ఏడాది నుంచి కాలుచెయ్యి పడిపోయిన రోజు దాకా మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని నేనే గంజ్‌కు పోయేదాన్ని. కాంటా పక్కన రేకుల నీడలో కూర్చునేదాన్ని. లారీ మీంచి ఇద్దరు బస్తా దించుతుంటే కింద వంగి వీపు పెట్టేవాడు. దూరం నుంచి నడక చూసి ఏం మోస్తున్నాడో చెప్పేదాన్ని. అల్లం అయితే అడుగులు దగ్గరగా పడేవి, ఎందుకంటే అల్లం బస్తా లోపల సర్దుకుంటూ ఉంటుంది. ఆలుగడ్డ అయితే తల ముందుకు వంగేది. ఇంటికి వట్టి చేతులతో వచ్చేటప్పుడు కూడా ఏదో మోస్తున్నట్టే నడిచేవాడు. ఆ ఒంటిని నాకంటే ఎరిగినవాళ్లు ఈ లోకంలో లేరని నాకు గర్వం. మాకు పిల్లలు లేరు. ఆ ఒక్క గర్వమే ఉండేది.

ఒకనాడు పొద్దున వాకిట్లో ముఖం కడుక్కుంటుంటే చెంబు చేతిలోంచి జారింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెంబు వైపు చూస్తూ నిలబడి, గోడకు జారి, కూర్చుండిపోయాడు. లఖ్వా, అదే పక్షవాతం, కొట్టిందన్నారు. పట్నం తీసుకుపోయాం. ప్రాణం మిగిలింది గాని కుడిచెయ్యి, కుడికాలు ఆయనవి కాకుండా పోయాయి. మాట కూడా పోయింది. ఒక్కటే మిగిలింది. ‘నీ యవ్వ.’

ఆకలైతే నీ యవ్వ. చలేస్తే నీ యవ్వ. ఫ్యాను తిప్పమనాలన్నా నీ యవ్వ. పక్కింటి అక్క తడికె మీంచి నవ్వేది.

“ఏమే, దేవుడు అన్ని మాటలు గుంజుకొని మంచి మాట ఒక్కటి ఇడిసిపెట్టిండు గదనే!”

“నీ మొగునికి ఆ ఒక్కటి గుడ లేకపాయె,” అనేదాన్ని నేను. అప్పటికింకా నవ్వగలిగేదాన్ని.

మంచం పట్టినవాళ్ల ఇళ్లకు బండిలో తిరిగి మందులిచ్చే ఒక సంస్థ ఉంది. వాళ్లు పంపితే ఆ పిల్ల వచ్చింది. ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. వచ్చిన మొదటి రోజు బురఖా విప్పి, మా ఆయన బస్తాల కొక్కెం తగిలించే మేకు ఖాళీగా ఉంటే దానికి తగిలించింది. లోపల తెల్ల కోటు. మంచం పక్కన కూర్చుని, “సలాం చాచా, తబియత్ ఎట్లున్నది?” అంది. ఆయన చూసి చూసి, “నీ యవ్వ” అన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల నవ్వింది.

“మా అవ్వ మంచిగున్నది చాచా. నిన్ను గుడ అడిగింది.”

నాకు తర్వాత చెప్పింది, మాటలు పోయినా తిట్టు ఉండిపోతుందని. ఉట్టి మీద పెట్టిన కుండలా వేరే చోట ఉంటుందట అది. అందుకే ఇంట్లోకి వరద నీళ్లు వచ్చినా దాన్ని అందుకోలేదని. “గది తిట్టు అనుకోకుండ్రి పెద్దమ్మా. ఆయనకు ఉన్న మాట గదే,” అంది. ఆ మాట నేను బాగానే గుర్తుపెట్టుకున్నాను. కానీ చేతికి కూడా అట్లాంటి మాట ఒకటి ఉండొచ్చని నాకు తోచలేదు.

ఆ పిల్ల దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. మనిషి లేవాలంటే ముందు ముక్కు కాలివేళ్ల మీదికి రావాలట. లేకుంటే ఎంత బలమున్నా లేవలేడట. నమ్మలేదు. పీట మీద నిటారుగా కూర్చుని లేవబోయాను. లేవలేకపోయాను. యాభై ఏళ్లుగా లేస్తూ కూర్చుంటూ ఉన్నదాన్ని, ఎట్లా లేస్తానో నాకే తెలియదు. ఆ పిల్ల పకపకా నవ్వింది. మా ఆయన కూడా సగం మూతితో నవ్వాడు. ఆ రోజు ముగ్గురం చాయ్ తాగాం. ఆయన చాయ్ ఆ పిల్లే చెంచాతో తాగించింది.

మూడో వారమో నాలుగో వారమో ఆయనను నిలబెట్టింది. నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి, తన మోకాలు ఆయన కుడి మోకాలికి అడ్డం పెట్టి, పట్టీని ఒక చేత్తో, ఆయన కుడి రెక్కను ఇంకో చేత్తో పట్టుకుని లేపింది. లేచాడు. తల దూలం వైపు పోయింది. ఎన్నాళ్లకో ఆయన ఎత్తు నాకు కనబడింది. చేతులు జోడించబోయాను. అంతలో ఆయన ఎడమచెయ్యి వచ్చి ఆ పిల్ల మణికట్టు మీద ఫట్, ఫట్ అని రెండు దెబ్బలు కొట్టి, ఆ చెయ్యిని పక్కకు తోసింది.

“ఏయ్, ఏం పని గది!” అని నేను అరిచాను.

“కానియ్ పెద్దమ్మా. భయపడ్డడు,” అంది ఆ పిల్ల. ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు. నీ యవ్వ, నీ యవ్వ అన్నాడు. కూర్చోబెట్టాల్సి వచ్చింది.

తర్వాత ప్రతిసారీ అదే. పండుకోబెట్టి కాలు ముడిపించి చాపించినంతసేపు మేకపిల్లలా ఉండేవాడు. నిలబెడితే దెబ్బలు. హమాలీ చెయ్యి అది. పక్షవాతం ముట్టని చెయ్యి. ఆ పిల్ల మణికట్టు మీద ఎర్రగా తేలేది.

అప్పటి నుంచి నేను మా ఆయనను చూడటం మానేసి ఆ పిల్లను చూడటం మొదలుపెట్టాను. ఆ పిల్ల మళ్లీ వస్తుందా మానేస్తుందా అనే భయం నాకు. ఆమె మానేస్తే ఆయన ఇక లేవడు. అందుకని ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో గింజ గింజ ఏరినట్టు చూసేదాన్ని. ముందు మంచానికి ఎడమ పక్క కూర్చునేది, ఇప్పుడు కుడి పక్క కూర్చుంటోంది, మంచి చెయ్యి అందకుండా. ముందు అంకెలు పాట పాడినట్టు లెక్కపెట్టేది, ఇప్పుడు తొందరగా లెక్కపెట్టి ఏడు తర్వాత పదికి పోతోంది. ఆయనను లేపేముందు ఊపిరి లోపలికి తీసుకుని బయటికి వదలడం లేదు. పళ్లు బిగిస్తోంది. చాచా అనే మాట తగ్గింది. ఒకరోజు ఫోనులో ఎవరితోనో “ఆ పేషెంట్” అంటుంటే విన్నాను. ఆమె చేతులు కూడా మారాయి. ముందు రొట్టె పిండి పట్టుకున్నట్టు పట్టుకునేవి. ఇప్పుడు కట్టెలు అయ్యాయి.

ఒకరోజు పని అయ్యాక పోకుండా వాకిట్లో కూర్చుంది. నేను జొన్నలు చెరుగుతున్నాను.

“పెద్దమ్మా, ఒక మాట చెప్త. కోపం చెయ్యకు.”

“చెప్పు బిడ్డా.”

“మీ ఇంటికి రావాల్సిన దినం పొద్దుగాల నాకు లేవబుద్ధి గాదు. బండి చెడిపోయిందంటే ఖుషీ అయితది. వేరే పేషెంట్లకు గిట్ల కాదు. ఆయన నన్ను కొడ్తే నాగ్గుడ కొట్టాలె అనిపిస్తది. ఒక దినం చెయ్యి నిజంగనే లేసింది. పట్టీ గుంజిన, గంతే. ముసలాయన మీద చెయ్యి లేసుడేంది? నేనేం మనిషిని?”

చాట పక్కన పెట్టాను.

“మా పెద్ద మేడమ్‌కు చెప్పిన,” అంది. “కోపమొస్తె కోపమొచ్చిందని నీకు నువ్వు చెప్పుకో, దాపెట్టకు, దాపెడితే చేతులకు దిగుతది, పేషెంట్‌కు తెలుస్తది అన్నది. నిజమే పెద్దమ్మా. నా చెయ్యి బిగిస్తెనే ఆయన కొడ్తుండు.”

కుడి మణికట్టు చూసుకుంటూ అడిగింది.

“ఒకటి సమజ్ కాదు. కూసున్నప్పుడు కొట్టడు. పండుకున్నప్పుడు కొట్టడు. లేపేటప్పుడు గుడ కొట్టడు. నిలబడి సీదా అయినంకనే కొడ్తడు. రెండు కొట్టి తోస్తడు. ఎప్పుడైనా గంతే, రెండే. ఎందుకు పెద్దమ్మా? ఆయన సంగతి నీకు ఎరికుంటది గద.”

ఆ ప్రశ్న సరైన ప్రశ్న. దాని జవాబు నా దగ్గర ఉంది, ఉన్నట్టు నాకే తెలియదు. రేకుల నీడలో కూర్చుని నా రెండు కళ్లతో వెయ్యిసార్లు చూశాను. కానీ నేను ఏమన్నానంటే,

“ఏమున్నది బిడ్డా. ఆయనకు లేచుడు ఇష్టం లేదు. ఆడిపిల్ల చేతుల నిలబడాల్సొచ్చెనని సిగ్గు, షరం. మొండి ముండాకొడుకు. పండుకునే పోవాలెనని ఉన్నది.”

ఆ పిల్ల తల ఊపింది. నేను భార్యను కదా, నా మాట మీద మాట ఎట్లా అంటుంది. ఆ తల ఊపిన తీరు నాకు ఇంకా కనబడుతుంది. ఏదో వెతుకుతున్న మనిషి, దొరకలేదులే అని చేతులు దులుపుకున్నట్టు ఊపింది.

తర్వాతి వారం ఆ పిల్ల వచ్చేముందు నేనే ఆయన ఎడమచేతిని మంచం కోడుకు కట్టేశాను. ఆయన భుజం మీద బస్తా కింద వేసుకునే తువ్వాలతోనే కట్టాను.

ఇక్కడ నా మేనకోడలు కలం ఆపింది. “అత్తమ్మా, గిది గుడ రాయాల్నా?” అంటోంది. రాయి పిల్లా. దీని కోసమే కదా చెప్పడం మొదలుపెట్టింది.

కడుతుంటే ఆయన అరవలేదు. నా ముఖం చూశాడు. నీ యవ్వ కూడా అనలేదు. ఉన్న ఒక్క మాట కూడా నాకు ఖర్చు పెట్టలేదు. ముడి వేసి, గట్టిగా ఉందా లేదా అని రెండుసార్లు గుంజి చూశాను. ఆవును కట్టినప్పుడు చూస్తామే, అట్లా.

ఆ పిల్ల వచ్చి చూసింది. బురఖా మేకుకు తగిలిస్తూ అట్లాగే నిలబడింది.

“గిదేంది పెద్దమ్మా?”

“నువ్వు నీ పని చేసుకో బిడ్డా. నిలబెట్టేటప్పుడు కోడు నుంచి ఇడిసి ఆయన నడుముకే కడ్త. కొట్టకుంటె సాలు గద.”

“గిట్ల చెయ్యొద్దు,” అంది. కానీ విప్పలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వద్దంది గాని విప్పలేదు. ఆ రోజు అంకెలు సరిగ్గా లెక్కపెట్టింది. ఏడు తర్వాత ఎనిమిది వచ్చింది. నిలబెట్టినప్పుడు ఎడమచెయ్యి నడుము పట్టీలో తువ్వాలతో బిగించి ఉంది. ఆయన సీదా అయ్యాడు. భుజం ఒకసారి ఎగిరింది. ఇంకోసారి ఎగిరింది. చెయ్యి రాలేదు. పది లెక్కపెట్టే దాకా నిలబడ్డాడు. ముందెన్నడూ అంతసేపు నిలబడలేదు. ఆ పిల్ల ముఖంలో తేటదనం వచ్చింది. నా ముఖంలోనూ వచ్చి ఉంటుంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం కూడా. హాయిగా ఉంది ఆ పూట, అబద్ధమెందుకు.

మంచం మీద కూర్చోబెట్టాక ఆ పిల్లే ముడి విప్పింది. మణికట్టు మీద తువ్వాల గళ్లు అచ్చు పడ్డాయి. ఆ పిల్ల దాన్ని బొటనవేలితో రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ ఏడ్చింది. “మాఫ్ కర్నా చాచా,” అంది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. ఆ చెయ్యి ఆమె చేతిలో చచ్చినదానిలా పడి ఉంది. కొట్టలేదు. ఇక ఎన్నడూ కొట్టలేదు.

మూడు రోజుల తర్వాత వచ్చి, ఏ పనీ చేయకుండా, రేపటి నుంచి రానని చెప్పి పోయింది. నేను ఒక్క మాట బతిమాలలేదు. నాకు కోపం వచ్చింది. పోతే పో అనుకున్నాను. సంస్థ వాళ్లు ఇంకొకరిని పంపుతామన్నారు. ఆయన మాత్రం లేవడానికి ముక్కు ముందుకు తేవడం మానేశాడు. నేను రెక్క పట్టి గుంజితే వెనక్కి పడిపోయేవాడు. వీపు మీద పుండ్లు లేచాయి. ఛాతీలో కఫం పేరుకుంది. రెండు నెలలు కూడా ఉండలేదు.

పాడె మోయడానికి గంజ్ హమాలీలు వచ్చారు. ఆడవాళ్లు నన్ను గడప దగ్గర పట్టుకున్నారు. మధ్యాహ్నపు ఎండ. మా ఆయన జోడీదారు, ఇద్దరూ ఒకరికొకరు బస్తాలు ఎత్తించుకున్నవాళ్లు, ముందు పక్క భుజం పెట్టాడు. అతని కంటే పొడుగాయన ఒకడు పక్కన నిలబడి పాడె కర్రను కింది నుంచి రెండు చేతులా పట్టి లేపాడు. జోడీదారు మోకాళ్లు విప్పి సీదా అయ్యాడు. సీదా అయ్యి, ఎడమచేత్తో ఆ పొడుగాయన మణికట్టు మీద ఫట్, ఫట్ అని రెండు కొట్టి పక్కకు తోశాడు. ఆయన వెంటనే చేతులు తీసేశాడు. పాడె కదిలింది.

నేను ఏడుపు ఆపేశాను. పట్టుకున్న ఆడవాళ్లు నాకు ఏదో అయిందనుకుని నీళ్లు తెమ్మని కేకలు వేశారు. ఆ తర్వాత అరిచిన అరుపులోనే ఈ గొంతు పోయింది.

దినాల నాడు జోడీదారు అన్నం తిని చేతులు కడుక్కుంటుంటే, పాడె ఎత్తినప్పుడు కొట్టిన ఆ రెండు దెబ్బలేమిటని అడిగాను.

“అదా వదినా? బరువు కూసున్నది, ఇగ ఇడువు అని చెప్పుడు. గోనెగుడ్డ కొస పండ్ల మధ్యల కరుసుకొని ఉంటం గద, మాటెట్ల అంటం? చేత్తోనే అంటం. కొట్టకముందు ఇడిస్తే బస్తా పడ్తది. కొట్టినంక గుడ పట్టుకొనుంటె మోసేటోని నడుం ఇరుగుతది, ఇటు గుంజ, అటు గుంజ. అన్న అయితే గట్టిగ కొడ్తుండె. నా చెయ్యి సూడు, ఇరవై ఏండ్ల దెబ్బలున్నయి.” చెయ్యి చాపి నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. “నీకు ఎరికలేదా? రోజూ సూస్తుంటివి గద.”

రోజూ చూశాను. మగవాళ్ల మోటు సరసం అనుకున్నాను. అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని, చల్లారిపోతోందని మాత్రమే చూశాను.

ఆ పిల్ల నిలబెట్టింది. ఆయన ఒంటి బరువు ఆయన కాళ్ల మీద కూర్చుంది. కూర్చుంది, ఇక వదులు అన్నాడు. వదిలితే పడేవాడేమో. నాకు తెలియదు. పడి చచ్చేవాడేమో. కానీ చెప్పాడు. నిలబెట్టినప్పుడల్లా చెప్పాడు. నేను ఆ నోటికి తువ్వాల కట్టాను.

సంస్థ ఆఫీసుకు పోయాను. ఆ పిల్ల ఇప్పుడు ఇళ్లకు పోవడం లేదన్నారు. ఎవరినీ ముట్టుకోదట, కిటికీ దగ్గర కూర్చుని పేర్లు రాసుకుంటుందట, తనే అడిగి ఆ పనిలోకి మారిందట. కిటికీ దగ్గరికి పోయి వరసలో నిలబడ్డాను. నా ముందున్న మనిషి పక్కకు తప్పుకోగానే ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. వెంటనే కుడిచెయ్యి బల్ల మీంచి తీసి ఒళ్లో దాచుకుంది. దాచుకున్న సంగతి ఆమెకు తెలియదు. ఒంటికి తెలుసు.

నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. వెనక మనిషి, “జల్దీ చెప్పమ్మా, లైను ఉన్నది,” అన్నాడు. పక్కకు జరిగాను. బస్టాండు దాకా నడిచి, ఇంటికి వచ్చేశాను.

అందుకని ఇది రాయిస్తున్నాను. మేనకోడలు పోయి ఆ కిటికీలో పెట్టి వస్తానంది. ఆ పిల్ల చదువుతుందో చింపుతుందో. ఆమె మళ్లీ ఒక మనిషిని ముట్టుకుంటుందన్న ఆశ నాకు లేదు. నా ఆయన లేచి రాడు. మాఫీ అడిగే ముఖం కూడా నాకు లేదు. అయినా ఆమె చేతికి ఆ రెండు దెబ్బలు ఇంకా దెబ్బలుగానే తెలుసు. ఆమె కోపం, ఆమె సిగ్గు, అన్నీ ఆ దెబ్బల మీదే నిలబడి ఉన్నాయి. అవి దెబ్బలు కావని చెప్పగలిగినదాన్ని నేను ఒక్కదాన్నే. అడిగినప్పుడు చెప్పలేదు.

ఇగ ఆపు పిల్లా. కలం పెట్టు. మొదటి సంది చదివి ఇనిపించు. జల్దీ చదవకు. తువ్వాల ముచ్చట కాడ నీ చెయ్యి శానసేపు ఆగింది, నేను చూసిన. అత్తమ్మకు చదువు రాదు, ఏడ తీసేసినా తెల్వదనుకోకు. నేను కట్టిన, నేను ముడి గుంజి చూసిన, నవ్విన, గవన్నీ ఉన్నయా? చదువు. నేను ఇంటున్న.